ఇనుముది తప్పు కాదు

మొన్న ఇందల్వాయిలో ఒక పెళ్ళికి పోతే మా బాపు కథ మళ్ళీ నా చెవిన పడింది. చెబుతున్నవాడు మా పెద్దబాపు కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద. విస్తట్లో పప్పు కలుపుకుంటూ పంక్తిలో అటూ ఇటూ ఉన్నవాళ్ళకు చెబుతున్నాడు.

"మా చిన్నబాపు అసోంటి మనిషి మల్ల పుట్టడు. మిల్లుల చెయ్యి పోయింది. ఇంకొకడైతే లొల్లి పెట్టేటోడు. ఆయన ఏమన్నడో ఎర్కేనా? తప్పు నాదే అన్నడు. గా ఒక్క మాటకు సేఠు మనసు కరిగింది. బతికినన్ని దినాలు గుజారా ఇచ్చిండు."

విన్నవాళ్ళు తలలూపారు. ఒకావిడ కొంగుతో కళ్ళు కూడా ఒత్తుకుంది.

ఆ కథలో రెండు నిజాలున్నాయి. బాపు చెయ్యి పోయింది. తప్పు నాదే అని బాపు అన్నాడు. మిగతాది ఆయన చెప్పినట్టు జరగలేదు. ఆ మాటకు ఏ సేఠు మనసూ కరగలేదు. ఆ మాటను పట్టుకునే మాకు మొదట గుజారా, అంటే నెలనెలా ఇచ్చే పోషణ డబ్బు, లేదు పొమ్మన్నారు. పంక్తిలోనే ఆ సంగతి చెప్పాను.

"నువ్వెప్పుడు గంతే చెల్లె. మంచి ముచ్చట చెప్తుంటే అండ్ల రాయి ఏరుతవ్," అన్నాడు అన్న.

"రాయి ఉన్నది గనుకనే ఏరుతున్న. నీ పళ్ళు గట్టియి గావచ్చు, నమిలి మింగుతున్నవ్."

పెళ్ళివారు నవ్వారు, మాట మారిపోయింది. నాకు మాత్రం మారలేదు. నలభై దాటి, కాలేజీ చదువు చదివి, ఊరివాళ్ళ అర్జీలు ఇరవై ఏళ్ళు రాసి పెట్టిన నేను మా ఇంటి కథను మాత్రం ఎవరు ఎట్లా చెప్పినా వింటూ కూర్చున్నాను. ఇక కూర్చోను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది కమ్మరి ఇల్లు. మోర్తాడ్‌లో తాత కొలిమి పెద్దబాపుకు వచ్చింది, పసుపు తవ్వే పనిముట్లు చేసేవాడు. ఒక్క కొలిమి రెండు సంసారాలను సాకలేదు గనుక బాపు మమ్మల్ని తీసుకుని నిజామాబాద్ వచ్చాడు. అక్కడ కంఠేశ్వర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. మా అమ్మను నేను అవ్వ అని పిలిచేదాన్ని. అవ్వ బీడీలు చుట్టేది. నన్ను ఆడపిల్లల బడిలో వేశారు. నిజాం కాలం గదా, చదువంతా ఉర్దూలో.

వేరే ఇళ్ళలో పసివాడి కాలికి గడప తగిలి ఏడిస్తే, "నిన్ను కొట్టిందా, ఉండు దాని పని చెప్త," అని గడపను నాలుగు దెబ్బలు కొట్టి ఊరడిస్తారు. మా ఇంట్లో అట్లా చేయరు. పట్టకారు తగిలి కాలి ఏడిస్తే పసివాడి చేతే ఆ పట్టకారుకు దండం పెట్టిస్తారు. అన్నం పెట్టే ఇనుము మీద నింద వేయకూడదు. మా తాత కాలి బొటనవేలు సుత్తి కింద నలిగిపోతే, కుంటుకుంటూ పోయి సుత్తికి పసుపు రాసి వచ్చాడట. పని అయ్యాక సుత్తినీ, ఇనుము కోసే శానాన్నీ గుడ్డలో చుట్టి గానీ పెట్టరు. బట్టలేని మనిషిని నలుగురిలో నిలబెడతామా, ఇదీ అంతే అనేవాడు తాత. చిన్నప్పుడు నాకు ఇది ముద్దుగానే ఉండేది. ఇదే మా కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.

ముప్పైల చివరి సంవత్సరాలు అవి. బోధన్ చుట్టూ ఎటు చూసినా చెరకే. అక్కడ ఒక సేఠు, ఇంకో ఇద్దరు భాగస్తులతో కలిసి చిన్న చక్కెర మిల్లు పెట్టాడు. పెద్ద ఫ్యాక్టరీ సంగతి కాదు నేను చెప్పేది. ఈ మిల్లు ఇప్పుడు లేదు, గోడలు కూడా లేవు. చేయి తిరిగిన పనివాళ్ళు దొరకాలని ఆ మిల్లువాళ్ళు గేటు పక్కన ఒక బోర్డు రాయించారు: పనిలో అవయవం పోయినవాడికి నెలనెలా సగం జీతం, గుజారా కింద. బాపు ఆ మిల్లులో ఫిట్టరు. వారానికి ఒకసారి ఇంటికి వచ్చేవాడు, బట్టల నిండా బెల్లం పాకం వాసన.

మిల్లులో చెరకును కింది నుంచి పైకి మోసుకుపోయే ఇనుప గొలుసు ఉండేది. ఆ గొలుసును పళ్ళ చక్రం ఒకటి తిప్పేది. ఆ ఏడు చెరకు ఆడే సీజను రెండో నెలలో ఒకరోజు పొద్దున చక్రంలో చెరకు ఇరుక్కుంది. దాన్ని లాగబోతే బాపు కుడిచెయ్యి గొలుసుకూ చక్రానికీ నడుమ పడింది. మిల్లు కంపౌండరు గాయం కడిగి, గుడ్డ చుట్టి, చెరకు బండిలో నిజామాబాద్ సర్కారు దవాఖానాకు పంపాడు. అక్కడ మూడు వేళ్ళు తీసేశారు. మణికట్టు కర్రలాగా బిగుసుకుపోయింది. ఇరవై రోజులు మంచంలో ఉండి ఇంటికి వచ్చాడు.

ఆ తర్వాత వారానికి మిల్లు జవాను ఒక కాగితం తెచ్చాడు. ఉర్దూలో ఉంది. మా ఇంట్లో చదవగలిగింది నేను ఒక్కదాన్నే. పదిహేనేళ్ళు నాకు. గడపలో నిలబడి చదువుతూ తెలుగులో చెప్పాను. పనివాడు పని చోటికి బయట, తన అజాగ్రత్త వల్ల, కాలుజారి పడ్డాడు. తప్పు తనదేనని ఒప్పుకుని వేలిముద్ర వేశాడు. గనుక గుజారాకు హక్కు లేదు. అభ్యంతరం ఉంటే సీజను ముగిశాక భాగస్తులు కూర్చునే రోజున డాక్టరీ కాగితంతో రావచ్చు.

"బయట పడ్డవా?" అంది అవ్వ.

"నేను బయట అనలే," అన్నాడు బాపు.

"మరేమన్నవ్?"

"ఆ రోజే మేనేజర్ అడిగిండు. చెయ్యి జారింది అన్న. తప్పు నాదే అన్న."

"ఎందుకన్నవ్ అట్ల?"

"మరేమనమంటవ్? చక్రం కొరికిందనాల్నా?" అన్నాడు బాపు. ఆ మాట నోటి నుంచి వచ్చినందుకే ఎడమచేత్తో చెంపలు వేసుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. గుజారా రాకపోతే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. మోర్తాడ్ నుంచి పెద్దబాపు అప్పటికే కబురు చేశాడు, వచ్చెయ్యండి, ఎడమచేత్తో తిత్తి ఊదినా చాలు అని. ప్రేమతోనే అన్నాడు. ఆ తిత్తి దగ్గర కూర్చునే పని పదేళ్ళ పిల్లలది. జిల్లా మొత్తంలో చేతిపని తెలిసిన ఫిట్టరు మా బాపు. ఆయన పోయి అన్న కొలిమిలో తిత్తి ఊదాలి. నా బడి సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎత్తకుండానే అర్థమైంది. మోర్తాడ్‌లో ఆడపిల్లల బడి లేదు.

"బాపు, చక్రమే చేసిందని చెప్పు. నిజమే గదా," అన్నాను.

"నీకు తెల్వది బిడ్డ."

"నాకు తెల్వకపోతే నీ కాగితం నాతోటి ఎందుకు చదివించినవ్?"

అవ్వ నన్ను కసిరింది. బాపు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. రెండు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు.

మూడో రోజున అవ్వ బీడీల చాట పక్కన పెట్టింది. "నడువ్. మిల్లు దవాఖానాల ఆ రోజు ఏం రాసుకున్నరో సూసొద్దాం," అంది. బోధన్ దాకా బస్సు, అక్కడి నుంచి చెరకు దింపి తిరిగిపోతున్న వట్టి బండి. దవాఖానా అంటే మిల్లు గేటు దగ్గర ఒక్క గది, ఒక బల్ల, నాలుగు సీసాలు, ఒక కంపౌండరు. మేము వచ్చిన పని చెప్పగానే ఆయన మూతి ముడిచాడు.

"ఆడోళ్ళకు రిజిస్టర్ల తోటి ఏం పని? మొగోణ్ణి పంపుండ్రి."

"మొగోని చెయ్యే మీ దగ్గర పెట్టుకుంటిరి గదా," అంది అవ్వ. "మిగిలిన మనిషి లేస్తలేడు."

మా నోరు మూయించడానికి ఆయన రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి చూపించాడు. "సూడుండ్రి, ఇక్కడ రాసి ఉన్నది. పడిపోయిండు. మేనేజర్ సాబ్ చెప్పిండు, నేను రాసిన. అయిపోయింది."

చూపించేవాడికి తెలియదు, నేను బల్లకు ఇవతల నుంచి తలకిందులుగా ఉర్దూ చదవగలనని. బడిలో టీచరమ్మ బల్ల మీది మార్కులు అట్లాగే చదివేవాళ్ళం. కారణం అన్న గడిలో ఆయన చెప్పినట్టే ఉంది. దాని పక్క గడిలో, అదే చేతిరాతలో ఇంకో వాక్యం ఉంది. గాయంలోంచి గ్రీసు, చెరకు పీచు తీసి కడిగాను అని. బిగ్గరగా చదివాను.

కంపౌండరు రిజిస్టరు మూసేశాడు.

"బయట నేల మీద గ్రీసు ఎవరు పోసిండ్రు సార్?" అన్నాను.

"ఈ పిల్లకు పెండ్లి చెయ్యి. నోరు బంద్ అయితది," అన్నాడు అవ్వతో.

"నోరు బంద్ అయ్యే పిల్లయితే గిక్కడి దాకా ఎందుకు తోల్కొస్త," అంది అవ్వ.

నకలు ఇవ్వమంటే ఇవ్వలేదు. కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ మనిషి కారణం గడిలో మేనేజరు చెప్పిన అబద్ధం రాసినా, తన పని గడిలో తాను చేసింది చేసినట్టే రాశాడు. తన పనిని తప్పుగా రాయడానికి చెయ్యి రాలేదేమో. ఆ ఒక్క వాక్యం మీదనే నేను నిలబడ్డాను.

మర్నాడు సర్కారు దవాఖానా. బాపు వేళ్ళు తీసిన డాక్టరు ఉర్దూలోనే మాట్లాడేవాడు. నేను అవ్వకు తెలుగులో చెప్పేదాన్ని. బాపును కూడా తీసుకుపోయాం, ససేమిరా అంటూనే వచ్చాడు. డాక్టరు చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. మోచేతికి దిగువన, ముంజేతి పైభాగంలో నాలుగు గాట్లు ఎర్రగా మానుతున్నాయి. గుడ్డలు కట్టి, మందులు పూసి ఉన్నన్నాళ్ళు వాటిని ఎవరూ పట్టించుకోలేదు. పోయిన వేళ్ళ మీదే అందరి చూపూ.

"పడితే ఇట్లా కాదు. రెండు వైపులా నలిగింది. ఇది యంత్రం పని," అన్నాడు డాక్టరు.

"రాసివ్వండి," అన్నాను.

"అమ్మాయీ, నేను చేతిని రాయగలను. చక్రాన్ని చూడకుండా చక్రం అని ఎట్లా రాయను? రేపు వాళ్ళు నన్ను అడిగితే? ఆ చక్రాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టు, రాస్తాను." నవ్వుతూనే అన్నాడు. నేను అవ్వకు చెప్పాను. అవ్వ నవ్వలేదు. బాపు చేతి మీది గాట్లనే చూస్తోంది.

ఇంటికి వచ్చాక అవ్వ తన ఫర్మా తీసింది. బీడీ చుట్టేవాళ్ళ దగ్గర రేకు ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని తునికాకు మీద పెట్టి, చుట్టూ కత్తెర ఆడిస్తే ప్రతి ఆకూ ఒకే కొలతకు వస్తుంది. రోజంతా ఆ రేకుతోనే బతికిన మనిషి. "బిడ్డా, ఈ గాట్లు సూడు. ఫర్మా పెట్టి కోసినట్టు లేవా?" అంది. దారంతో కొలిచింది. మొదటి గాటుకూ రెండోదానికీ ఎంత దూరమో, రెండో దానికీ మూడో దానికీ అంతే. నాలుగోదీ అంతే. పాత కిరోసిన్ డబ్బా రేకు ముక్కను బాపు ముంజేతికి ఆనించి, నాలుగు చోట్ల గుర్తు పెట్టి, కత్తెరతో నాలుగు కత్తిరింపులు చేసింది.

"ఇది చెయ్యి. ఇప్పుడు చక్రం గావాలె," అంది.

చక్రం మేము తేలేం. అది తనంతట తానే వచ్చింది. ఆ శుక్రవారం బాపును చూడటానికి మిల్లులో గొలుసుకు గ్రీసు పూసే ఆయన వచ్చాడు. ఇప్పటి సరిహద్దు అవతలి మరాఠీ మనిషి, తెలుగు సగం మరాఠీ సగం మాట్లాడేవాడు. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడ వైపు చూస్తూ అన్నాడు.

"దాదా, ఆ చక్రం మీద మూత ఉండె గదా. ఇనుప డబ్బా అసోంటిది. నీ చెయ్యి పడ్డ వారం ముందల తీసిండ్రు. చెరకు దాంట్ల ఇరుకుతున్నది, పని ఆగుతున్నది అని. గోడకు ఆనిచ్చి పెట్టిండ్రు."

"నాకు ఎర్కే," అన్నాడు బాపు. "మూత లేదని సూసి సుత చెయ్యి పెట్టిన. అందుకే తప్పు నాదన్న."

"ఎర్కేనా? మరి మర్నాడు ఏమయిందో సుత ఎర్కేనా? నేను పొద్దుగాల డ్యూటీకి పోయేసరికి మూత బిగించి ఉన్నది. కొత్త బోల్టులు."

బాపు తలెత్తాడు. ఆయన ముఖంలో అట్లాంటి చూపు నేను అంతకు ముందు చూడలేదు. "మర్నాడా?" అన్నాడు. మళ్ళీ అన్నాడు, "మర్నాడే బిగించిండ్రా?"

అవ్వ అప్పటికే నా కాపీ పుస్తకంలోంచి ఒక కాగితం చింపింది. "అన్నా, మూత పక్క నుంచి గీ కాగితాన్ని ఆ చక్రం పళ్ళకు ఒత్తి తెస్తవా? గ్రీసే అచ్చు పడ్తది."

ఆయన కాగితాన్ని తీసుకోలేదు, కాదనలేదు. "నా పేరు రాయొద్దు వహినీ. నాకు ముగ్గురు పిల్లలు," అన్నాడు అవ్వతో. తర్వాత మడిచి టోపీలో పెట్టుకున్నాడు. పై శుక్రవారం అది తిరిగి వచ్చింది. నా చేతిరాతతో ఉన్న ఉర్దూ పాఠం మీద నల్లగా, జిడ్డుగా, నాలుగు పళ్ళ ముద్రలు. గొలుసు ఆగిన పూట మూత చివర సందులోంచి చెయ్యి పెట్టి ఒత్తానన్నాడు. ఆయన పేరు అప్పుడూ ఎక్కడా రాయలేదు, ఇప్పుడూ రాయను.

అవ్వ రేకును ఆ కాగితం మీద పెట్టింది. నాలుగుకు నాలుగు కలిశాయి.

డాక్టరు బల్ల మీద మూడూ పెట్టాం: కాగితం, రేకు, బాపు చెయ్యి. డాక్టరు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి, "ఇది చేసిందెవరు?" అన్నాడు. అవ్వను చూపించాను. "బీడీలు చుడుతుంది," అన్నాను. ఆయన కుర్చీలోంచి సగం లేచి అవ్వకు సలాం చేశాడు. వెటకారం అనుకుని అవ్వ ముఖం తిప్పుకుంది. కాదని నేను చెప్పాల్సి వచ్చింది. తర్వాత ఆయన రాసిన కాగితం నాకు ఇప్పటికీ గుర్తు. ముంజేతి మీద నాలుగు గాయాలు సమాన దూరంలో ఉన్నాయి, అడుగు వైపు గొలుసు ఒత్తిడి గుర్తులున్నాయి, నేల మీద పడితే ఇవి రావు, తన ముందు పెట్టిన పళ్ళ అచ్చుతో ఇవి సరిపోతున్నాయి, ఈ చెయ్యి మళ్ళీ పనికి రాదు.

అంతా అయింది, ఒక్క బాపు తప్ప. ఎన్ని కాగితాలు పెట్టినా భాగస్తులు అడిగేది బాపునే. ఆయన మళ్ళీ తప్పు నాదే అంటే మా రేకు రేకుగానే మిగులుతుంది. నేను బతిమాలలేదు, నాకు బతిమాలడం రాదు. ఒక్క మాట అడిగాను. "బాపు, ఇనుముది తప్పు గాదు. సరే. మా తాత సుత్తిని ఎవడన్న గుడ్డ ఇప్పి బజాట్ల పడేస్తే, ఎవలిది తప్పంటవ్?"

ఆ రోజు బాపు అన్నం ముందు నుంచి లేచిపోలేదు, అంతా తిన్నాడు.

ఎండలు మొదలయ్యాక భాగస్తులు మిల్లులో కూర్చున్నారు. సేఠు, హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన, నిజామాబాద్‌లో ధాన్యం వ్యాపారం చేసే ముసలాయన. పక్కన నిలబడి మేనేజరు. చక్రం మీది మూత తీసి ఉంచిన సంగతి రాసిన అర్జీని నేనే చదివాను.

"ఇది ఎవలు రాసిండ్రు?" అన్నాడు ముసలాయన.

"నేను."

"వకీలు ఎవడు?"

"లేడు."

మేనేజరు ఉర్దూలో అందుకున్నాడు. వీళ్ళకు ఎవరో నేర్పించారు, చక్రం మీద మూత మొదటి నుంచీ ఉంది, ఇప్పుడు కూడా ఉంది, కావాలంటే చూడండి అన్నాడు. నేను కంపౌండరు రిజిస్టరు తెప్పించమన్నాను. మేనేజరు అవసరం లేదన్నాడు. "అవసరం లేకపోతే తెస్తే నష్టమేంది?" అన్నాడు ముసలాయన. తెచ్చారు. గ్రీసు, చెరకు పీచు. కంపౌండరు తన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు ముసలాయన బాపును పిలిచాడు. "నువ్వు చెప్పు. ఇంతకు ముందల తప్పు నాదే అంటివట. ఇప్పుడేమంటవ్?"

బాపు నన్ను చూడలేదు, అవ్వను చూడలేదు. అక్కడి నుంచి ఆ చక్రం కనబడుతుంది, దాన్ని చూశాడు. ఎడమచెయ్యి ఛాతీకి ఆనించి దండం పెట్టుకున్నాడు.

"ఇనుముది తప్పు గాదు సేఠు. ఇనుము తన పని తాను చేసింది. మా ఇంట్ల సుత్తిని గూడ గుడ్డ సుట్టకుంట ఇడువం. ఆ చక్రాన్ని బట్టలిప్పి నిలబెట్టిండ్రు. నిలబెట్టినోళ్ళది తప్పు. మూత లేదని సూసి సుత నోరు మూసుకొని పని చేసిన. అంత వరకే నాది."

"మూత ఉంది," అన్నాడు మేనేజరు.

"ఉన్నది. సూడుండ్రి, వచ్చి సూడుండ్రి," అన్నాడు బాపు. ఆయన గొంతు అట్లా లేవడం నేను ఎన్నడూ వినలేదు. "చక్రం మీద సీజను సీజనంత మసి ఉన్నది. మూతకు మసి ఉన్నది. బోల్టులు మాత్రం పెండ్లికొడుకు ఉంగరం లెక్క మెరుస్తున్నయి. ఫిట్టరును నేను. నా చేతులతోని బిగిస్తే పాతయి పెడ్తుంటి."

ముసలాయన లేచి, ధోవతి కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని చక్రం దాకా పోయాడు. వంగి చూశాడు. తిరిగి వచ్చి, రేకు అడిగి తీసుకుని, బాపు చెయ్యి చాపించి దాని మీద పెట్టాడు. అవ్వ మెల్లగా, "కొంచెం కిందికి," అంది. ఆయన కిందికి జరిపాడు. నాలుగూ కూర్చున్నాయి.

పదిహేను రోజులకు హుకుం వచ్చింది. గుజారా మంజూరు. మేము మోర్తాడ్‌కు కాపురం మార్చలేదు. నేను బడి మానలేదు, తర్వాత హైదరాబాద్ పోయి కాలేజీలో కూడా చదివాను. బాపు ఎడమచేత్తో తాళాలు బాగుచేయడం నేర్చుకున్నాడు. ఏటా దసరాకు పనిముట్లన్నిటితో పాటు అవ్వ కోసిన రేకుకు కూడా కుంకుమ పెట్టేవాడు. ఆ రేకు ఇప్పుడు నా దగ్గర ఉంది.

కానీ ఆ హుకుంలో మేనేజరు రాసిన మాటలు వేరు. పనివాడి నిజాయితీని, విధేయతను చూసి, సంస్థ తన దయతో గుజారా ఇస్తోంది అని ఉంది. మూత ఊసు లేదు. డాక్టరు కాగితం ఊసు లేదు. రిజిస్టరు లేదు, రేకు లేదు. ఆ కాగితాన్ని మోర్తాడ్‌లో పెద్దబాపు వాకిట్లో, చుట్టాలందరి ముందూ చదివింది నేనే. సంబరంలో దయతో అన్న మాటను దయతో అనే చదివాను. అన్న అప్పుడు నా పక్కనే కూర్చుని విన్నాడు. పెళ్ళిలో ఆయన చెప్పిన కథ ఎక్కడిదో ఇప్పుడు మీకు తెలిసింది. మేనేజరు రాశాడు, నా నోటితో చదివాను, అన్న నమ్మాడు. అన్న మీద నాకు కోపం లేదని చెప్పను. నా మీద అంతకంటే ఎక్కువ ఉంది. ఆ కాగితం చేతికి వచ్చిన రోజే వెనక్కి పంపి, దయ అన్న మాట కొట్టేసి ఇవ్వమని రాయాల్సింది. పదిహేనేళ్ళ పిల్లకు గుజారా వచ్చిందన్న సంతోషం చాలనిపించింది. నాకిప్పుడు చాలదు.

బాపు పోయి చాలా ఏళ్ళైంది. సేఠు పోయాడు, ముసలాయన పోయాడు. మేనేజరు ఏమయ్యాడో తెలియదు. గ్రీసు పూసే ఆయనను నేను పెద్దయ్యాక ఒకసారి బోధన్ సంతలో కలిసి, ఆ మూత ఎవరు బిగించమన్నారని అడిగాను. ఆయనకూ తెలియదు. పొద్దున డ్యూటీకి వచ్చేసరికి బిగించి ఉందన్నాడు, అంతే.

మూత బిగించిన ఆ పొద్దుకు బాపు ఇంకా దవాఖానా మంచం మీద ఉన్నాడు. ఆయన వేలిముద్ర మీద సిరా ఇంకా ఆరలేదు. తప్పు పనివాడిదే అని కాగితం తయారవుతోంది. మరి అదే వేళకు, గోడకు ఆనించి ఉన్న మూతను ఎత్తి కొత్త బోల్టులతో బిగించమని చెప్పిన మనిషి ఎవరు? తప్పు బాపుదే అని అంత నమ్మకం ఉన్నవాడు, తెల్లవారేలోగా ఆ చక్రానికి బట్ట ఎందుకు కట్టించాడు?